రొదలో మాట నిలుచు టెట్లు?
వేగవాహనములలో ధరించు హెడ్‌సెట్టును గూర్చి

మాటయు రొదయు రెండును గాలిలో బుట్టిన యలలే. అయినను ఒకటి మనుష్యుని మనుష్యునితో కలుపును. రెండవది వారి నడుమ గోడవలె నిలుచును. ఇంటిలో నొకరు పిలిచినపుడు వేరొకరు పలుకుట సులభమైన పని. కాని గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో నీటిపై దూసికొనిపోవు పడవలోనో, తలపై రెక్కలు తిరుగుచుండు హెలికాప్టరులోనో కూర్చున్నవానికి ప్రక్కనున్నవాని కేకయైనను వినబడదు. అట్టిచోట వినబడని మాట అసౌకర్యము మాత్రమే కాదు, అపాయము. ఆ యపాయమును తొలగించుటకై తలకు ధరించు సాధనమే హెడ్‌సెట్టు. చెవులను మూయు రెండు కప్పులు, ఆ కప్పులలో చిన్న స్పీకర్లు, పెదవుల యెదుట నొక మైకు, ఇవి దాని ముఖ్యాంగములు. చూచుటకు స్వల్పమైన వస్తువే గాని, దాని నెన్నుకొనుటలో విచారింపవలసిన సంగతులు పెక్కు కలవు. వానిని క్రమముగా వివరించుటయే ఈ వ్యాసము నుద్దేశము.

ఒక్క యక్షరము విలువ

మన భాషలో 'ఆగు', 'సాగు' అను రెండు మాటలను దీసికొందము. ఈ రెంటికిని భేదము మొదటనున్న సకారము మాత్రమే. అర్థములు చూడబోయిన ఒకదాని కొకటి పూర్తిగా విరుద్ధములు. ఇప్పుడు అచ్చులను పలుకునపుడు కంఠము నుండి వెలువడు ధ్వని బలమైనది, తగ్గుస్థాయి గలది. సకారమన్ననో నాలుకకును దంతములకును నడుమ గాలి యొరసికొనుటచే బుట్టు సన్నని ధ్వని. అందలి బలములో నధికభాగము సెకనుకు 4000 కంపనములకు పైబడి యుండును. రేడియో యంత్రము అంతటి హెచ్చు కంపనములను చాలవరకు విడిచివేయును. దానిపై ఇంజను రొద వచ్చి కప్పినచో ఆ మిగిలిన కొంచెమును గూడ మరుగుపడును. అపుడు 'సాగు' అన్న మాట 'ఆగు' అని చెవికి చేరుట వింత గాదు.

మాట చెడుటవలన ఎంతటి కీడు గలుగునో 1977 మార్చి 27వ తేదీన లోకమునకు దెలిసెను. కేనరీ ద్వీపములలోని టెనెరిఫే విమానాశ్రయమున దట్టమైన మంచులో రెండు బోయింగు 747 విమానములు ఢీకొనగా 583 మంది మరణించిరి. పైకెగురుటకు సిద్ధమైన విమానమునకు 'నిలువుము, మేము పిలిచెదము' అని కంట్రోలు టవరువారు చెప్పుచుండిన సమయముననే, రెండవ విమానమువారును 'మేమింకను రన్‌వేపై నున్నాము' అని పలికిరి. రెండు సందేశములు ఒకే క్షణమున కలియుటచే వినవలసినవారికి ముఖ్యమైన భాగము కీచుధ్వనిగా మారిపోయెను. ఆ దుర్ఘటనకు కారణములు పెక్కు. అందు చెడిన మాట యొకటి. రేడియోలో సందేశములు కలిసిపోవుటను హెడ్‌సెట్టు మాన్పలేదు. కాని స్వవాహనపు రొదవలన మాట చెడకుండునట్లు కాపాడుట దాని పని.

రొదకు కొలత

ధ్వని తీవ్రతను డెసిబెల్లులలో కొలుతురు. ఈ కొలత గజముబద్దవంటిది గాదని విద్యార్థులు గమనింపవలెను. 10 డెసిబెల్లులు పెరిగినచో ధ్వనిలోని శక్తి 10 రెట్లగును. 20 పెరిగినచో 100 రెట్లగును. 3 మాత్రమే పెరిగినను ఇంచుమించు రెండు రెట్లగును. సాధారణమైన సంభాషణ 60 డెసిబెల్లులు. చిన్న విమానముల లోపలను, హెలికాప్టరులలోను రొద తరచుగా 90 మొదలు 100 డెసిబెల్లుల వరకు నుండును. అనగా శక్తినిబట్టి చూచిన సంభాషణకు వేయిరెట్లు మొదలు పదివేల రెట్లు.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధనాసంస్థయగు నియోష్ 1998లో ప్రకటించిన నియమము ప్రకారము 85 డెసిబెల్లుల రొదలో దినమునకు 8 గంటలకు మించి యుండరాదు. ప్రతి 3 డెసిబెల్లుల పెంపునకును ఈ కాలము సగమగుచుండును. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక గంట, 97కి అరగంట, 100కి పావుగంట. కావున 100 డెసిబెల్లుల వాహనములో వట్టి చెవులతో కూర్చున్నవాడు పావుగంటలో తన దినపు పాలును వాడుకొనివేయును. చెవికి నిజముగా 15 డెసిబెల్లులు తగ్గించు సాధనమును ధరించినచో అదే వాహనమున 8 గంటలు పనిచేయవచ్చును. ఈ లెక్కయే హెడ్‌సెట్టునకు గల ప్రయోజనమును చక్కగా చూపుచున్నది.

చెవికి గలుగు హాని

లోపలి చెవిలో నత్తగుల్లవంటి యవయవ మొకటి కలదు. అందు సుమారు 15,000 సూక్ష్మమైన రోమకణములు వరుసలుగా నిలిచి, అలల కదలికను నాడులకు తెలియజేయుచుండును. పెనురొద వీనిని వంచి, అలసటపెట్టి, తుదకు చంపును. కోసిన గడ్డి మరల మొలచును గాని, మనుష్యుని చెవిలో చచ్చిన రోమకణము మరల మొలవదు. దానికి మందు లేదు. అంతియేగాక ఈ నష్టము మొట్టమొదట 3000 మొదలు 6000 వరకు గల కంపనముల భాగముననే కనబడును. అనగా స, శ, త, క వంటి హల్లులను గుర్తింపజేయు భాగమే ముందు పోవును. అట్టివానికి ధ్వని వినబడును గాని మాట తెలియదు. 'వినుచున్నాను గాని అర్థమగుట లేదు' అని ముసలివారు చెప్పుట మన మెరిగినదే. రొదలో పనిచేయువానికి ఆ స్థితి యౌవనముననే ప్రాప్తించును. నొప్పి లేకుండ, నెమ్మదిగా వచ్చుటచే ఎవరును దానిని సకాలమున కనిపెట్టరు.

ఇందు మరియొక చిక్కు కలదు. రొద హెచ్చుగానున్నపుడు మనుష్యుడు స్పీకరు బలమును పెంచును. మాట తేటపడుటకు అది రొదకంటె 10 లేక 15 డెసిబెల్లులైనను హెచ్చుగా నుండవలెను గదా! అపుడు రొదయు, దానిని మించిన మాటయు రెండును గలిసి చెవిని కొట్టును. కావున మంచి హెడ్‌సెట్టు మాటను బిగ్గరగా వినిపించునది గాదు. మెల్లని మాటయే తేటగా వినబడునంత నిశ్శబ్దమును చెవికి గల్పించునది. మిగిలిన విచారణ యంతయు ఈ సూత్రమునకు వ్యాఖ్యానమే.

రొదను తగ్గించు రెండు మార్గములు

మొదటి మార్గము అడ్డుకొనుట. గట్టి కప్పును చెవిచుట్టును మెత్తని దిండుతో బిగియగట్టినచో ధ్వని లోపలికి పోజాలదు. ఈ పద్ధతికి విద్యుత్తుతో బనిలేదు, చెడిపోవు భాగములును తక్కువ. కాని దీనికొక లోపము కలదు. ప్రక్కవీథిలో పెండ్లిమేళము వాయించుచుండగా మన యింటి తలుపులు మూసినచో సన్నాయి సన్నగిల్లును గాని డోలు మ్రోత వినబడుచునే యుండును. హెచ్చుస్థాయి ధ్వనులను అడ్డు సులభముగా నాపును. తగ్గుస్థాయి ధ్వనులు దానిని దాటి వచ్చును. చెవికప్పులు హెచ్చు కంపనములను 30 డెసిబెల్లులకు పైగా తగ్గింపగా, తగ్గు కంపనములను అందు సగమైనను తగ్గింపజాలవు. వాహనముల రొదయో అధికముగా తగ్గుస్థాయిదే. రెండు రెక్కల ప్రొపెల్లరు నిమిషమునకు 2400 మారులు తిరుగుచున్నదనుకొనుడు. సెకనుకు 40 మారులు. రెక్కలు రెండు గనుక సెకనుకు 80 దెబ్బలు. ఆ 80 కంపనముల గంభీరధ్వనియే కప్పులను దాటి తలలో మ్రోగుచుండును.

రెండవ మార్గము ఎదురుధ్వని. చెరువులో నొక యల మిట్టపైకి వేరొక యల పల్లము సరిగా వచ్చి కలిసినచో నీరు సమతలమగును. అట్లే కప్పులోపల నొక చిన్న మైకునుంచి, అది గ్రహించిన రొదకు సరిగా విరుద్ధమైన యలను స్పీకరుద్వారా పుట్టించినచో రెండును గలిసి అణగిపోవును. ఈ యాలోచనకు జర్మనీ దేశస్థుడగు పాల్ ల్యూగు 1936లో అమెరికా పేటెంటును బొందెను. అయినను ఆ కాలపు పరికరములతో అది సాధ్యము కాలేదు. బెంగాలునుండి అమెరికాకు వలసపోయిన స్వాతంత్ర్యయోధుని కుమారుడును, మసాచుసెట్స్ సాంకేతికవిద్యాలయమున ఆచార్యుడునగు అమర్ బోసు 1978లో విమానయానము చేయుచు, ఇచ్చిన హెడ్‌ఫోనులలో రొదతప్ప సంగీతము వినబడకపోవుటచే అక్కడనే దీనికి లెక్కలు వేయనారంభించెను. 1986 డిసెంబరులో 'వాయేజర్' అను విమానము ఎక్కడను దిగక, మధ్య నింధనము నింపుకొనక 9 దినములలో భూమిని చుట్టివచ్చినపుడు, అందలి యిద్దరు వైమానికులకు ఈ విధమైన ప్రయోగదశలోని హెడ్‌సెట్టులను సమకూర్చిరి. 1989లో అవి వైమానికులకు విక్రయమునకు వచ్చెను.

ఎదురుధ్వని మాటనుగూడ నణచివేయదా యని విద్యార్థి యడుగవచ్చును. యంత్రమునకు పంపబడిన మాట యేదో ముందే తెలియును గనుక, మైకు గ్రహించిన దానినుండి ఆ మాటను దీసివేసి, మిగిలిన రొదకు మాత్రమే విరుద్ధమైన యలను పుట్టించును. ఈ పద్ధతి తగ్గు కంపనములకే తగినది. సెకనుకు 4000 కంపనములు గల ధ్వనిలో మిట్టకును పల్లమునకును నడుమ కాలము సెకనులో 8000వ భాగము మాత్రమే. యంత్ర మంత జాగుచేసినను అణచవలసిన యల మరింత పెరుగును. కావున హెచ్చుస్థాయికి కప్పు, తగ్గుస్థాయికి ఎదురుధ్వని. ఒకదాని కొరత నొకటి తీర్చును. కప్పు వదులైన చోట ఎదురుధ్వనియు సరిగా పనిచేయదు.

మైకు సంగతి

వినుట సగము, వినిపించుట సగము. రొదలో సాధారణమైన మైకు నుంచినచో మాటతోబాటు ఇంజనునుగూడ అవతలివారికి పంపును. అందుచే రెండు వైపులను తెరచియుండు మైకును వాడుదురు. దూరమునుండి వచ్చు రొద రెండు ముఖములను ఇంచుమించు సమానముగా దాకి తనకు తానే కొట్టివేయబడును. పెదవుల దగ్గరి మాట ఒక ముఖమును బలముగా, రెండవదానిని తక్కువగా దాకును గనుక అది మిగులును. ఈ మేలు దక్కుటకు మైకు పెదవులకు అర అంగుళము లోపల, వీలైనచో కాలు అంగుళము దూరముననే యుండవలెను. గడ్డము క్రిందికి జారిన మైకు ఎంత వెలగలదైనను నిష్ప్రయోజనము. గాలి నేరుగా కొట్టు చోట మైకుపై స్పంజి తొడుగు ఉండి తీరవలెను. రెండవ ప్రపంచయుద్ధమున కంఠమున కట్టుకొను మైకులు వాడుకలో నుండెను. అవి రొదను గ్రహింపవు; కాని నాలుక, పెదవులు, దంతములు పుట్టించు హల్లులనుగూడ సరిగా గ్రహింపవు. 'సాగు'లోని సకారము కంఠమున బుట్టునది కాదు గదా!

ఎన్నుకొనునపుడు చూడవలసినవి

1. వాహనపు రొద. ముందుగా దాని తీవ్రతయు, స్థాయియు దెలిసికొనవలెను. గంభీరమైన మ్రోత యధికమైనచో ఎదురుధ్వని గలది మేలు. సన్నని యీల, గాలి హోరు అధికమైనచో మంచి కప్పులే చాలవరకు చాలును, వెలయు తక్కువ.

2. పెట్టెమీది యంకె. అమెరికాలో చెవిరక్షణ సాధనములపై 'ఎన్.ఆర్.ఆర్.' అను నంకె ముద్రింతురు. అది ప్రయోగశాలలో శ్రద్ధగా తొడిగినపుడు వచ్చినది. అక్కడి కార్మికరక్షణ శాఖవారు ఆ యంకెలో 7 తీసివేసి, మిగిలినదానిని సగముచేసి లెక్కించుట మంచిదని చెప్పుదురు. 24 అంకె గలదానికి ఈ లెక్కను 8½ మాత్రమే వచ్చును. మరియు ఆ యంకె కప్పుల శక్తిని జూపునే గాని ఎదురుధ్వనివలని మేలును జూపదు.

3. తలకు అమరిక. ఇది యన్నిటికంటె ముఖ్యము. కండ్లద్దముల కాడలు, చెవిపోగులు, ఒత్తైన జుట్టు దిండునకును చర్మమునకును నడుమ సందు కల్పించును. సన్నని సందైనను పలు డెసిబెల్లులను లోనికి వదలును. దిండ్లు కాలక్రమమున గట్టిపడి పగులును. వానిని మార్చుటకు వీలుండవలెను. బిగువెక్కువైనచో గంటలో తలనొప్పి వచ్చును. తలనొప్పి వచ్చినవాడు కప్పును ప్రక్కకు జరుపును. జరిపిన కప్పు లేనట్టిదే.

4. విద్యుత్తు లేనపుడు. బ్యాటరీ ఆరిపోయినను మాట నడువవలెను, కప్పులు తమ పని చేయవలెను. ఇది కొనుటకు ముందే పరీక్షింపదగినది.

5. రేడియోతో పొత్తు. సైనికవాహనముల రేడియోలకును, పౌరవిమానముల రేడియోలకును విద్యున్నిరోధములు వేరు. పౌరవిమానములలో సాధారణముగా రెండు ప్లగ్గులు, హెలికాప్టరులలో ఒకే ప్లగ్గు ఉండును. ఒకదానికి గావించినది వేరొకదానిలో పలుకకపోవచ్చును.

6. వినవలసిన ధ్వనులు. రొద తగ్గినకొలది హెచ్చరికగంటలు, యంత్రములోని వింతచప్పుళ్లుగూడ మరుగుపడవచ్చును. ఈ విషయమై అమెరికా విమానయాన శాఖవారు 2007లో వైమానికులను హెచ్చరించిరి. కావున క్రొత్త హెడ్‌సెట్టును ధరించి, వాహనములోని ప్రతి హెచ్చరికయు వినబడుచున్నదో లేదో ఒక్కొక్కటిగా చూచుకొనవలెను.

వాహనమునుబట్టి భేదము

విమానములలో కూర్పు చాల గంటలుండును. బరువు, బిగువు తక్కువగా నుండుట ప్రధానము. హెలికాప్టరులో రొదతోబాటు అదురును గలదు. తలరక్షణకై హెల్మెటు ధరించువారు కప్పులను దానిలోపలనే అమర్చుకొందురు. పందెపుకారులలో హెల్మెటు ఇరుకగుటచే కప్పులకు చోటుండదు. ప్రతి చోదకుని చెవికిని అచ్చు తీసి చేసిన బిరడాలలో చిన్న స్పీకర్ల నుంచుదురు. మైకు హెల్మెటులోనే యుండును. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేనుసాగరు ప్రక్కన విద్యుత్తు కారుల పందెము జరిగెను. వానికి ఇంజను రొద తక్కువ. ఐనను గాలి హోరు, చక్రముల రాపిడి, గేర్ల కూత మిగిలియే యుండును.

పడవలకు నీటిభయము అధికము. 2018 నవంబరులో విజయవాడయొద్ద కృష్ణానదిపై అంతర్జాతీయ వేగపడవల పందెములు జరిగినపుడు వేలకొలది జనులు చూచిరి. అట్టి పడవలో చోదకుడు ఇరుకైన గూటిలో కూర్చుండును; చుట్టును తుంపరలు లేచును; వెనుకనుండి వచ్చువానిని సరిగా చూడజాలడు. ఒడ్డున నెత్తైన చోట నిలిచిన సహాయకుడు రేడియోలో చెప్పు మాటయే అతనికి రెండవజత కన్నులు. 'ఎడమకు' అన్న మాట వినబడుటకు అరసెకను జాగైనను గంటకు 200 కిలోమీటర్ల వేగమున పడవ 28 మీటర్లు ముందుకు పోవును. ఇట్టి పడవలకు హెడ్‌సెట్టు నీటి కోర్చునదిగా నుండవలెను. 'ఐపీ 67' అను గురుతు గలది మీటరు లోతు నీటిలో 30 నిమిషములు మునిగినను చెడదు. అంతకంటె ముఖ్యము తీగ యతుకు. పడవ తలక్రిందులైనపుడు ఒక్క లాగుతో అది యూడిరావలెను. మాటను మోయు తీగ మనుష్యుని కట్టివేయు త్రాడు కారాదు.

పరీక్షించు విధము

అంగడిలోని నిశ్శబ్దమున ప్రతి హెడ్‌సెట్టును బాగుగనే వినిపించును. కావున అది ఏ వాహనమునకు కావలెనో ఆ వాహనముననే, ఇంజను పనివేగమున తిరుగుచుండగా, ఎవరు ధరింతురో వారే ధరించి చూడవలెను. ఒకరు 'ఆగు-సాగు, కాలు-పాలు, తల-కల, ఆరు-నూరు, ఏడు-మూడు' వంటి జతలలో నేదో యొక మాటను పలుకుచుండగా, వినువాడు తాను విన్నదానిని వ్రాసికొనవలెను. 20 మాటలలో ఎన్ని సరియైనవో లెక్కించి, స్పీకరు బలమును కొంచెము తగ్గించి మరల చూడవలెను. మిక్కిలి తక్కువ బలమున మిక్కిలి యెక్కువ మాటలు సరిగా వినిపించినదే ఆ తలకును, ఆ వాహనమునకును తగిన సాధనము. వెలయు, పేరును దీనికి తరువాతివి.

ఈ పాఠశాలలో చదువు బాలబాలికలలో కొందరు ముందుముందు వైమానికులు, యంత్రకారులు, రైలు చోదకులు కావచ్చును. కానివారికిని ఈ విచారము పనికివచ్చును. నూరుకోట్లకు పైగా యువజనులు హెచ్చుధ్వనితో వినుటవలన వినికిడి కోల్పోవు నపాయములో నున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ప్రకటించెను. బస్సులో కూర్చుండి ఇంజను రొదను మించునట్లు చెవిలోని పాటను పెంచువాడు, స్పీకరు బలమును పెంచు నజాగ్రత్త చోదకుడు, ఇద్దరును చేయునది ఒకే పని. తలిదండ్రులు దీనిని గమనించి పిల్లలకు చెప్పవలెను. రొదను తగ్గించి మెల్లగా వినవలెను. తగ్గింప వీలుకానిచోట వినుట మానవలెను. వస్తువు చెడినచో మరియొకటి కొనవచ్చును గాని, చెవి చెడినచో మరియొకటి దొరకదు.